కంప్యూటరు తేల్చిన ప్రధాన సంఖ్యను ‘రుజువైంది’ అనవచ్చునా?

బ్రాడీపేట మాస్టారు:
2ను 13,62,79,841వ ఘాతానికి హెచ్చించి ఒకటి తీసివేస్తే వచ్చే 4,10,24,320 అంకెల సంఖ్యను 2024 అక్టోబరులో అప్పటికి తెలిసినవాటిలో అతిపెద్ద ప్రధాన సంఖ్యగా ప్రకటించారు. అది రుజువైందని గుంటూరులో ఒక సభలో విన్నాను. ఏ మనిషీ ఆసాంతం సరిచూడలేని లెక్కను రుజువు అనడం నాకు సమ్మతం కాదు. 1876లో ఫ్రెంచి గణితజ్ఞుడు లూకాస్ 39 అంకెల 2^127 – 1ను చేతితోనే తేల్చాడు, రుజువంటే అది.

పటమట గణితం:
మాస్టారూ, రుజువు చేసింది యంత్రం కాదు, ఈ పరీక్ష సరైనదని చూపిన గణితజ్ఞులు లూకాస్, లేమర్‌లు. 4తో మొదలుపెట్టి, వర్గం చేసి, 2 తీసివేసి, మన సంఖ్యతో భాగించి శేషం ఉంచుకోవాలి. ఘాతం బేసి ప్రధాన సంఖ్య అయినప్పుడు, దానికన్నా రెండు తక్కువ సార్లు ఇలా చేశాక సున్నా మిగిలితే మన సంఖ్య ప్రధానం, మిగలకపోతే కాదు. 127కు, అంటే 2^7 – 1కు, చేసి చూడండి: 4, 14, 67, 42, 111, 0. యంత్రం ఇదే పనిని పదమూడు కోట్లకు పైగా సార్లు చేసింది, అంతే. పైగా డబ్లిన్‌లోని గ్రాఫిక్స్ ప్రాసెసరు మొదట చెప్పింది ‘ప్రధానం కావచ్చు’ అని మాత్రమే. వేరే యంత్రాల మీద ఈ పరీక్ష పూర్తయ్యాకే ప్రకటన వచ్చింది.

కృష్ణలంక కుర్రాడు:
దీనివల్ల బ్యాంకు లావాదేవీలకు భద్రత పెరుగుతుందా అండీ?

పటమట గణితం:
పెరగదు. అక్కడ వాడేవి కొన్ని వందల అంకెలుండే రహస్య సంఖ్యలు. ఇది లోకమంతా ఎరిగినది. మాస్టారూ, మనిషి కన్నే అంత గట్టిదైతే, 1644లో మెర్సెన్ ఇలాంటి ప్రధాన సంఖ్యలనిచ్చే ఘాతాల జాబితా రాస్తూ అందులో 67ను ఎలా చేర్చాడు?

బ్రాడీపేట మాస్టారు:
చేర్చాడు సరే, 1903లో కోల్ అనే గణితజ్ఞుడు ఆ తప్పును ఎలా చూపాడో కూడా చెప్పండి. 193707721ని 761838257287తో గుణిస్తే 2^67 – 1 వస్తుంది. ఓపికుంటే పదో తరగతి పిల్లవాడైనా కాగితం మీద సరిచూసుకోగలడు. మీ పరీక్షలో చివరికి మిగిలేది ఒక సున్నా. దాన్ని నేను నమ్మాలి, అంతేగా?

పటమట గణితం:
లూకాస్ చేతిలెక్కను మీరు సరిచూశారా? ఆయనను నమ్ముతారు, యంత్రాన్ని అనుమానిస్తారు. మీ కోపం ఈ సంఖ్య మీద కాదనిపిస్తోంది.

బ్రాడీపేట మాస్టారు:
కాదు. ఈ వార్త చెప్పిన కోచింగ్ సారును మా మనవరాలు ‘4తోనే ఎందుకు మొదలుపెట్టాలి’ అని అడిగితే, ‘పరీక్షకు రాదు, కూర్చో’ అన్నారట. మీరూ ఆ వృత్తిలోని వారే. సున్నా వస్తే చాలునని మీరు అంటుంటే నాకు ఆ మాటే వినిపిస్తోంది.

పటమట గణితం:
నిజమని తేలడం వేరు, ఎందుకు నిజమో తెలియడం వేరు. రెండోదానికి తరగతిలో తీరిక ఇవ్వనిది యాజమాన్యాలు. ఆ కోపంతో మొదటిదానికి రుజువన్న పేరే ఉండకూడదంటే ఎలా?

కృష్ణలంక కుర్రాడు:
నేను 3తో మొదలుపెట్టి చూశాను. 127కు 3, 7, 47, 48, 16, 0 వచ్చాయి. 31కి, అంటే 2^5 – 1కు, మాత్రం 3, 7, 16, 6 వద్ద ఆగిపోయింది. 31 కూడా ప్రధాన సంఖ్యే కదా?

పటమట గణితం:
ఘాతాన్ని 4తో భాగిస్తే 3 మిగిలినప్పుడే ఆ 3 పనికొస్తుంది. 127 ఘాతమైన 7కు మిగులుతుంది, 31 ఘాతమైన 5కు మిగలదు. 4కు ఆ ఇబ్బంది లేదు. ఎందుకో చెప్పాలంటే వర్గ శేషాల దాకా వెళ్లాలి. ఇక్కడే విడిగా రాస్తాను, మనవరాలికి చూపించండి మాస్టారూ.

బ్రాడీపేట మాస్టారు:
ముందు నేను సరిచూస్తాను.