హెచ్‌-1బీ వీసా మీద టెక్సస్‌లో ఉన్నాను, ఇంట్లో గన్ ఉండొచ్చా?

అందరికీ నమస్కారం. డాలస్‌కి కొత్త, హెచ్‌-1బీ. రూమ్మేట్ సిటిజన్, అతనికి గన్ ఉంది. హంటింగ్ లైసెన్సు తీసుకుంటే నేనూ కొనొచ్చంటున్నారు, నిజమేనా? శనివారం టీమంతా షూటింగ్ రేంజ్‌కి వెళ్తున్నాం. అసలు ఈ గన్ల గొడవకి ఈ దేశంలో మధ్యేమార్గమే లేదా?

ప్లేనో నుంచి:
నీకు సగమే చెప్పారు తమ్ముడూ. వీసా మీద ఉన్నవాళ్ళ దగ్గర గన్ గానీ తూటాలు గానీ ఉండకూడదన్నది ఫెడరల్ చట్టం. ఎఫ్‌-1, హెచ్‌-4, ఎల్‌-1 అన్నీ అంతే. ఈఏడీ (పని అనుమతి కార్డు) ఉన్నా మారదు, గ్రీన్‌కార్డు వస్తేనే ఆ అడ్డు పోతుంది. ఏదైనా రాష్ట్రం ఇచ్చిన, గడువు తీరని హంటింగ్ లైసెన్సు ఉంటే మినహాయింపు. బోల్తా పడేది ఇక్కడే. టెక్సస్ ఏడాది లైసెన్సు ఎప్పుడు కొన్నా ఆగస్టు 31తో సరి. జూలైలో కొని ఏడాది ఉందనుకుంటే, సెప్టెంబరు 1 పొద్దున బీరువాలో ఉన్న గన్నే నేరం. శిక్ష 15 ఏళ్ళ దాకా ఉండొచ్చు, ఆపైన డిపోర్టేషన్ భయం. షాపులో నింపే 4473 ఫారంలో వీసా ప్రశ్నకి అబద్ధం రాస్తే అదింకో నేరం. ఇక్కడ షాపులో కాక మామూలు మనిషి దగ్గర కొంటే బ్యాక్‌గ్రౌండ్ చెక్ (కొనేవాడి రికార్డు తనిఖీ) ఉండదు, అలాగని నిషేధం పోదు.

ఇర్వింగ్ నుంచి:
రూమ్మేట్ సంగతి కూడా చూసుకోండి. గన్ మీ పేరున లేకపోయినా, మీ చేతికి అందేలా ఉంటే మీ దగ్గరున్నట్టే అని ప్రాసిక్యూటర్ వాదించొచ్చు. అతని గదిలో, అతని సేఫ్‌లో ఉండాలి. కోడ్ మీకు తెలియకూడదు, తాళంచెవి హాల్లో మేకుకి వేలాడకూడదు. అతని కారు మీరు నడిపేరోజు డ్యాష్‌బోర్డు అర ఖాళీ చేయించండి.

ఆస్టిన్ నుంచి:
పిల్లలున్నవాళ్ళు కూడా ఇది చదువుతారు కదా, అందుకని. పిల్లల్ని ఆడుకోడానికి ఎవరింటికైనా పంపేటప్పుడు కుక్క ఉందా, పల్లీలు పడతాయా అనే మాటల్లోనే "గన్ ఉంటే తాళంలో ఉందా అండీ?" అని కలిపేయండి. ఇక్కడెవరూ తప్పుపట్టరు. తూటాలున్న గన్ అజాగ్రత్తగా వదిలేసి, అది 17 ఏళ్ళ లోపు పిల్లల చేతికి చిక్కితే టెక్సస్‌లో నేరం కూడా. గ్రీన్‌కార్డు వచ్చి కొన్నవాళ్ళకి ఒక మాట: చాలాచోట్ల పోలీసులు ఉచితంగా కేబుల్ తాళం ఇస్తారు. అది వేసే ముందు గన్ ఖాళీ చేయాలి: ముందు మ్యాగజైన్ (తూటాల పెట్టె) తీయాలి, తర్వాత స్లైడ్ (గన్ పైన జరిగే భాగం) లాగి గొట్టం మొదట్లో తూటా లేదని కంటితో, వేలితో చూడాలి. వరస తిరగబడితే గొట్టంలోని తూటా బయటికి దూకుతుంది, మ్యాగజైన్‌లోంచి ఇంకోటి ఎక్కి కూర్చుంటుంది. ఖాళీ అనుకున్న గన్ పేలేది ఇందుకే.

ఓర్లాండో నుంచి:
మధ్యేమార్గం లేకేం. పార్క్‌లాండ్ స్కూలు కాల్పులు జరిగింది 2018 ఫిబ్రవరి 14న. మార్చి 9కల్లా ఫ్లోరిడాలో రిపబ్లికన్ గవర్నరే సంతకం పెట్టాడు: ఏ గన్ కొనాలన్నా 21 ఏళ్ళు, ప్రమాదకరంగా మారినవాడి గన్ జడ్జి ఉత్తర్వుతో కొంతకాలం తీసేసుకోవడం. గన్ హక్కులు కావాలనేవాళ్ళకి స్కూళ్ళలో సాయుధ సిబ్బంది దక్కారు. కొలరాడో, కాలిఫోర్నియాల్లో ఇద్దరు మామూలు మనుషులు అమ్ముకున్నా డీలర్ దగ్గర చెక్ చేయించాల్సిందే. ఇక ఫెడరల్ చెక్ 3 పనిదినాల్లో తేలకపోతే డీలర్ అమ్మేయొచ్చు. 2015లో చార్లెస్టన్ చర్చిలో కాల్చినవాడికి గన్ అలాగే దక్కింది. 2022 చట్టం 21 ఏళ్ళ లోపువాళ్ళ విషయంలో అనుమానముంటే దాన్ని 10 పనిదినాల దాకా పెంచింది. సెనెట్‌లో 15 మంది రిపబ్లికన్లు ఓటేస్తేనే అది గట్టెక్కింది. ఇక్కడ పూర్తి నిషేధం అనగానే మాట తెగిపోతుంది. "ఎవరికి, ఎన్నాళ్ళు ఆగి, ఎక్కడ దాచి" అంటే కూర్చుని మాట్లాడతారు.

మళ్ళీ ప్లేనో:
రేంజ్ సంగతి మర్చిపోయాం. అద్దె గన్ ఐదు నిమిషాలు పట్టుకున్నా దగ్గరున్నట్టే లెక్క. స్టూడెంట్ హోదా పోయిన రెహైఫ్ అనే అతని మీద ఫ్లోరిడాలో కేసు పడింది రేంజ్‌లో కాల్చినందుకే, అది 2019లో సుప్రీంకోర్టు దాకా వెళ్ళింది. శనివారం వెళ్ళు, చెవులకి మఫ్స్ పెట్టుకుని వెనక నిలబడి చూడు. "వీసా వల్ల కుదరదు" అంటే టీమ్‌లో ఎవరూ ఏమనుకోరు.