నాగార్జునాచార్యుడు నాగార్జునకొండలోనే ఉన్నాడని పిల్లలకు చెప్పొచ్చా?

మాచర్ల టీచర్:

నమస్తే అండీ. పల్నాడులో ఒక జడ్పీ హైస్కూల్లో సోషల్ చెప్తాను. జనవరిలో తొమ్మిదో తరగతి పిల్లల్ని నాగార్జునకొండ తీసుకెళ్తున్నాం. విజయపురి సౌత్‌లో లాంచీ ఎక్కి కొండకి, తిరిగొచ్చాక అనుపు. వెళ్ళే ముందు ఒక పీరియడ్ దీని గురించే చెప్దామనుకున్నా. "ఆచార్య నాగార్జునుడు ఇక్కడే ఉండేవాడు, ఇక్కడే విశ్వవిద్యాలయం నడిపాడు, శూన్యవాదం ఇక్కడే పుట్టింది" అని నేను చిన్నప్పటి నుంచీ విన్నదే మొదలుపెట్టా. ఒక కుర్రాడు లేచి, "మేడమ్, ఆయన పేరు చెక్కిన రాయి అక్కడుందా? చూపిస్తారా?" అన్నాడు. కనుక్కుని చెప్తానన్నాను.

కనుక్కుందామని కూర్చుంటే ఒకరు విదర్భ అంటారు, ఒకరు శ్రీశైలం అంటారు, ఇంకొకరు ఇనుముని బంగారం చేశాడంటారు. శాసనాలు, గ్రంథాలు చదివినవాళ్ళు ఎవరైనా ఏది దేని మీద ఆధారపడిందో చెప్తారా? వాడికి నిజం చెప్పాలని ఉంది.

రాతిఅక్షరం:

టీచర్ గారూ, వాడికి సూటిగా చెప్పేయండి: ఆయన కాలంలో ఆయన పేరుతో చెక్కిన రాయి ఆ కొండ మీద లేదు, లోయలోనూ దొరకలేదు. ప్రాకృత శాసనాలు చదవడమే నా పని కాబట్టి కొంచెం వివరంగా రాస్తాను.

1926లో ఈ చోటు పురావస్తు శాఖ దృష్టికి వచ్చింది. 1927 నుంచి 1931 దాకా లాంగ్‌హర్స్ట్ తవ్వించాడు. డ్యామ్ కడతారని తెలిశాక 1954 నుంచి 1960 దాకా ఆర్. సుబ్రహ్మణ్యం గారి బృందం లోయంతా తవ్వింది. ఇన్ని తవ్వకాల్లో బయటపడిన, శాతవాహనుల తర్వాత ఇక్కణ్ణుంచి ఏలిన ఇక్ష్వాకు రాజుల శాసనాల్లో ఎక్కడా "నాగార్జునకొండ" అన్న పేరే లేదు. వాళ్ళు రాసుకున్న పేర్లు విజయపురి, సిరిపవత. అంటే శ్రీపర్వతం. కొండకి ఇప్పుడున్న పేరు పట్టుకుని ఆచార్యుణ్ణి అక్కడ కూర్చోబెట్టడం కుదరదు.

మరి ఆయన పేరున్న రాయి ఎక్కడైనా ఉందా అంటే, జగ్గయ్యపేటలో ఉంది. అక్కడి స్తూపం దగ్గర దొరికిన ఒక బుద్ధ ప్రతిమ మీద, భదంత నాగార్జునాచార్యుల శిష్యుడు జయప్రభాచార్యుడు, ఆయన శిష్యుడు చంద్రప్రభుడు దాన్ని చేయించాడని ఉంది. 1887లో బర్జెస్ పుస్తకంలో అచ్చయింది. కానీ ఆ లిపి ఇక్ష్వాకుల తర్వాతి కాలానిది. శూన్యవాదానికి మూలమైన మాధ్యమిక కారికలు రాసిన నాగార్జునుడికి మనవడి వరస శిష్యుడు అంత ఆలస్యంగా ఉండడు. అదే పేరు పెట్టుకున్న ఇంకో భిక్షువు అయి ఉండాలి.

ఇంకొకటి కూడా ముందే చెప్పాలి, ఎవరో ఒకరు మీకు చూపిస్తారు. ఇక్ష్వాకు రాజు వీరపురుషదత్తుడి 14వ రాజ్యసంవత్సరంలో బోధిసిరి అనే ఉపాసిక వేయించిన శాసనం చివర, పని చేయించిన ముగ్గురు స్థవిరుల (థేరుల, అంటే పెద్ద భిక్షువుల) పేర్లున్నాయి: చందముఖ, ధమ్మనంది, నాగ. ఆ "నాగ థేరుడే" నాగార్జునుడు అనుకోవాలని మనసు లాగుతుంది. నాగ అన్నది ఆ రోజుల్లో భిక్షువులకి మామూలు పేరు. అక్కడ ఆయన కట్టడం పని పర్యవేక్షించిన స్థవిరుడు. అంతకు మించి ఆ రాయి ఏమీ చెప్పదు.

అయితే ఆయన్ని మన వైపు వాడని పండితులు ఎందుకంటున్నారు? అసలు బలం శాసనాల్లో లేదండీ, ఆయన పేరు మీదున్న రెండు లేఖల్లో ఉంది. సుహృల్లేఖ, రత్నావళి. రెండూ ఒక రాజుకి రాసినవే. సుహృల్లేఖని గుణవర్మ 431 ప్రాంతంలో చైనీస్‌లోకి మార్చాడు. రెండున్నర శతాబ్దాల తర్వాత మన దేశానికి వచ్చిన చైనా యాత్రికుడు ఇత్సింగ్, ఆ రాజు దక్షిణాదివాడని, శాతవాహనుడని రాశాడు. ఇక్కడి పిల్లలు చదువు మొదట్లోనే ఈ లేఖని కంఠస్థం చేస్తారని కూడా రాశాడు. మీ క్లాసులో ఆ మాట తప్పకుండా చెప్పండి.

రత్నావళి శ్లోకాల్లో రాజు పేరు లేదు. కానీ పద్మం మీద కూర్చున్న బుద్ధ ప్రతిమలు చేయించమని రాజుకి ఒక సలహా ఉంది. 2005లో జోసెఫ్ వాల్సర్ అనే పండితుడు ఈ శ్లోకం పట్టుకునే, కృష్ణా లోయ శిల్పాల్లో పద్మపీఠం ఎప్పటి నుంచి కనబడుతుందో చూసి, ఆ రాజు యజ్ఞశ్రీ శాతకర్ణి అయి ఉండొచ్చన్నాడు. అంటే రెండో శతాబ్దం చివర. నాకు ఇది ఇప్పటిదాకా వచ్చిన వాదాల్లో గట్టిదనిపిస్తుంది. ఒక అభ్యంతరం ఉంది. 1992లో వెట్టర్ అనే ఇంకో పండితుడు ఛందస్సు లెక్కలు చూసి, రత్నావళి కారికల కర్త రాసిందేనా అని అనుమానపడ్డాడు. చాలామంది ఇప్పటికీ ఆయనదే అంటారు, నేనూ ఆ పక్షమే.

అటు వైపు సాక్ష్యం కూడా దాచకూడదు. ఏడో శతాబ్దంలో హుయాన్‌త్సాంగ్ నాగార్జునుడి కోసం శాతవాహన రాజు కొండ తొలిపించి విహారం కట్టించిన కథ చెప్తాడు. కానీ అది దక్షిణ కోసల దేశంలో, అంటే ఇప్పటి ఛత్తీస్‌గఢ్ వైపు, మన దగ్గర కాదు. అక్కణ్ణుంచి ఆంధ్రదేశానికి వచ్చి బౌద్ధ తార్కికుడు దిఙ్నాగుడి గురించి రాస్తాడు. ధాన్యకటకం వచ్చి పూర్వశైల, అవరశైల విహారాల గురించి, భావవివేకుడి గురించి రాస్తాడు. నాగార్జునుడి కారికలకి ప్రజ్ఞాప్రదీపం అనే వ్యాఖ్య రాసినవాడు ఆ భావవివేకుడే. వ్యాఖ్యాత కథ ఇక్కడ వినిపించుకున్న యాత్రికుడు మూలకర్త కథ ఇక్కడ వినలేదు. ఇది నన్ను చాలాకాలంగా ఆలోచింపజేస్తున్న విషయం.

కాబట్టి నేనైతే పిల్లలకి ఇలా చెప్తాను: నాగార్జునుడు దక్షిణాదివాడు, ఒక శాతవాహన రాజుకి గురువై ఉండొచ్చు, కృష్ణా లోయలో కొంతకాలం ఉండటం సాధ్యమే. ఈ కొండ మీదే ఉన్నాడనడానికి మాత్రం రుజువు లేదు.

కృష్ణాతీరం:

రాతిఅక్షరం గారూ, మీ పాండిత్యం మీద గౌరవంతోనే అడుగుతున్నా. జనం తరతరాలుగా నాగార్జునకొండ అంటున్నారు. టిబెట్ వాళ్ళు ఆయన చివరి రోజులు శ్రీపర్వతంలో గడిచాయని రాసుకున్నారు. మన శాసనంలో శ్రీపర్వతం ఉంది. రెండూ కలుస్తున్నాయిగా! ప్రతిదానికీ రాయి చూపించమంటే మన చరిత్రలో ఏం మిగులుతుంది? పిల్లలకి కాస్త గర్వం ఉండనివ్వండి.

రాతిఅక్షరం:

మీ బాధ నాకు అర్థమవుతుంది. జనం జ్ఞాపకాన్ని నేను కొట్టిపారెయ్యను. కానీ శ్రీపర్వతం అన్న పేరు ఒక్క విజయపురికే లేదండీ, శ్రీశైలానికీ ఉంది. టిబెట్ చరిత్రకారుల్లో బూతోన్ పద్నాలుగో శతాబ్దం వాడు, తారానాథుడు పదిహేడో శతాబ్దం మొదట్లో రాశాడు. అప్పటికి రసవాదం చేసిన సిద్ధ నాగార్జునుడు, మాధ్యమిక నాగార్జునుడు ఒకే మనిషి అయిపోయారు, అందుకే ఆ కథల్లో ఆయన వందల ఏళ్ళు బతుకుతాడు. టీచర్ గారు అడిగిన బంగారం కథ ఆ సిద్ధుడిది. రసశాస్త్రం వాళ్ళు ఆయన్ని శ్రీపర్వతంతో ముడిపెట్టారు. ఇప్పుడు కొండ పేరు వీళ్ళిద్దరిలో ఎవరి మీద వచ్చిందంటారు?

గర్వం సంగతికొస్తే, ఆ లోయలో పిల్లలు గర్వపడాల్సినవి రాతి మీదే ఉన్నాయి. బోధిసిరి శాసనమే తీసుకోండి. ఆమె రాణి కాదు, గోవగామ అనే ఊరి ఇల్లాలు. చుళధమ్మగిరి మీద తామ్రపర్ణి (సింహళ) స్థవిరుల కోసం చైత్యగృహం కట్టించింది. కాశ్మీరం, గాంధారం, చీనా, తోసలి, వంగ, వనవాసి ప్రజలకి ధర్మం మీద విశ్వాసం కలిగించిన గురువులు వాళ్ళు అని ఆ శాసనమే చెప్తుంది. సింహళ విహారంలో బోధివృక్షానికి ప్రాసాదం, పూర్వశైలంలో చెరువు, దేవగిరిలో ధ్యానశాల, పాపిల అనే చోట ఏడు గదులు, కంటకసేలలో, అంటే మన ఘంటసాలలో, మహాచైత్యం తూర్పు వాకిట రాతి మండపం. ఇవన్నీ ఒక్క మనిషి కట్టించినవి. ఆఖరున రాతిపని చేసిన శిల్పి పేరు కూడా వేయించింది: విధిక. పదిహేడు వందల ఏళ్ళ నాటి ఒక రాతిపనివాడి పేరు మనకి తెలుసు. విజయపురి మహాచైత్యం, అంటే అక్కడి పెద్ద స్తూపం సంగతీ అంతే, దాన్ని పూర్తి చేయించింది రాజు మేనత్త చాంతిసిరి. ఆచార్యుడి మీద ఊహ పక్కన పెట్టి వీళ్ళ గురించి చెప్పండి, పిల్లలు మర్చిపోరు.

తాటాకు:

నమస్తే సార్. నేను టిబెటన్, సంస్కృతం కలిపి చదువుతున్న రీసెర్చ్ స్కాలర్‌ని. మీరు చెప్పినదానికి ఒక ముక్క కలుపుతాను.

నాగార్జునకొండ శాసనాల్లో అపరమహావినసేలియ, బహుశ్రుతీయ, మహీశాసక లాంటి నికాయాల, అంటే బౌద్ధ శాఖల పేర్లున్నాయి, మహాయానం అన్న పేరు లేదు. "మరి మహాయాన ఆచార్యుడు అక్కడ ఎలా ఉంటాడు" అని కొందరు అడుగుతారు. నా ఉద్దేశంలో ఇది ఆయనకి వ్యతిరేక సాక్ష్యం కాదు. రత్నావళి నాలుగో అధ్యాయంలో చివరి మూడో వంతు దాదాపుగా మహాయానాన్ని నిందించేవాళ్ళకి జవాబే. చుట్టూ అందరూ ఒప్పుకుని ఉంటే అన్ని శ్లోకాలు ఎందుకు రాస్తాడు? మెజారిటీ వాళ్ళ విహారంలో, వాళ్ళ అన్నం తింటూ, వాళ్ళని ఒప్పించాల్సిన స్థితిలో ఉన్నవాడి గొంతు అది. వాల్సర్ వాదంలో నాకు బాగా నచ్చింది ఈ భాగమే. కారికల్లో కూడా ఆయన పేరు పెట్టి ఉదహరించిన సూత్రం ఒక్కటే, కాత్యాయనావవాదం. అది అన్ని నికాయాలూ ఒప్పుకునే సూత్రం. మహాయాన సూత్రం ఒక్కటీ పేరు పెట్టి చెప్పడు. ఎవరితో మాట్లాడుతున్నాడో అక్కడే తెలిసిపోతుంది.

ఇంకో దారి కూడా ఉంది సార్. ఏడో శతాబ్దంలో నాగార్జునుడి సంప్రదాయం వాడైన చంద్రకీర్తి మధ్యమకావతారం మీద తన భాష్యంలో పూర్వశైలుల ఆగమం నుంచి గాథలు ఉదహరిస్తాడు. పూర్వశైలులంటే అల్లూరు శాసనంలో కనబడే మన కృష్ణా తీరం బౌద్ధ శాఖ వాళ్ళే. బోధిసిరి చెరువు తవ్వించింది కూడా పూర్వశైలం దగ్గరే. ఆచార్యుడి పాదముద్ర దొరక్కపోయినా, ఆయన సంప్రదాయం చదువుకున్న పుస్తకాల్లో ఈ లోయ ఉంది. నాకు ఇది కొండ పేరు కంటే ఎక్కువ.

మాచర్ల టీచర్:

అందరికీ ధన్యవాదాలు. ఇంత వస్తుందనుకోలేదు. రెండు సందేహాలు మిగిలాయి. అనుపులో విశ్వవిద్యాలయం అని చూపిస్తారు కదా, దాన్ని ఏమనాలి? ఇంకా, శూన్యవాదం తొమ్మిదో తరగతికి నేను చెప్పలేను. ఆయన రాసిన దాంట్లో పిల్లలకి చదివి వినిపించగలిగేది ఏదైనా ఉందా?

రాతిఅక్షరం:

అనుపులో ఉన్నవి నీళ్ళలో మునగబోతుంటే లోయ నుంచి తెచ్చి మళ్ళీ నిలబెట్టిన కట్టడాలు. విహారం అనండి చాలు. చదువు జరిగిందనడానికి మాత్రం రుజువు ఉంది. చాంతిసిరి కట్టించిన మహాచైత్యం పనిని దగ్గరుండి చూసుకున్న భిక్షువు భదంత ఆనందుడు. దీఘ, మజ్ఝిమ నికాయాలు (ఇక్కడ నికాయం అంటే బుద్ధుడి ఉపదేశాల సంపుటం) ధారణలో ఉన్నవాడని, వాటిని బోధించే ఆచార్యుల శిష్యుడని శాసనం చెప్తుంది. పుస్తకం లేకుండా రెండు పెద్ద నికాయాలు నోటికి వచ్చిన మనిషి అక్కడ తిరిగాడు. విశ్వవిద్యాలయం అన్న మాట కంటే ఇది పిల్లలకి బాగా ఎక్కుతుంది.

రెండోదానికి రత్నావళి మూడు, నాలుగు అధ్యాయాలు తీయండి. సంస్కృతంలో కొంత భాగమే దొరికింది. నేపాల్ తాళపత్రాల నుంచి ఇటలీ పండితుడు టూచీ 1934, 1936లలో అచ్చువేశాడు. మిగతాది టిబెటన్, చైనీస్ అనువాదాల్లో నిలిచింది. శూన్యత లోతు తెలిసిన ఆ మనిషి రాజుకి ఏం చెప్తున్నాడో చూడండి: నీళ్ళు లేని దారుల్లో చలివేంద్రాలు పెట్టు. సత్రాల్లో చెప్పులు, గొడుగులు, నీళ్ళు వడకట్టే గుడ్డలు, ముల్లు తీసే పట్టకార్లు, సూదీ దారం, విసనకర్రలు ఉంచు. చీమల పుట్టల దగ్గర తిండీ నీళ్ళూ పెట్టడానికి నమ్మకమైన మనుషుల్ని నియమించు. ఖైదీల్లో బలహీనుల్ని ఒకటి, అయిదు రోజుల్లో వదిలెయ్యి. వదలనివాళ్ళకి కూడా మంగలి, స్నానం, భోజనం, మందు, బట్ట అందేలా చూడు. శిక్షిస్తే కొడుకుని బాగుచెయ్యాలని దండించే తండ్రిలా శిక్షించు, ద్వేషంతో కాదు, డబ్బు కోసం కాదు.

పల్నాడు ఎండల్లో పెరిగిన పిల్లలకి చెప్పులు, మంచినీళ్ళు, ముల్లు తీసే పట్టకారు గురించి ఎవరూ విడమర్చక్కర్లేదు.

తాటాకు:

టీచర్ గారూ, ఆ రెండు అధ్యాయాల్లో ఈ భాగం వరకు టిబెటన్ నుంచి నేను తెలుగు చేసి ఇస్తాను. నాలుగో అధ్యాయంలో దొరికిన సంస్కృత శ్లోకాలతో పోల్చి చూసి ఇక్కడే పెడతాను, రాతిఅక్షరం సార్ ఒకసారి చూస్తే బాగుంటుంది. మీ ప్రయాణం లోపు అయిపోతుంది.

రాతిఅక్షరం:

పెట్టమ్మా, చూస్తాను. బోధిసిరి శాసనం పాఠం కూడా నేను తెలుగు లిపిలో రాసి, కింద అర్థంతో పెడతాను. పండితుడు ఫోగెల్ శాసనాల పత్రిక ఎపిగ్రాఫియా ఇండికా ఇరవయ్యో సంపుటంలో ఇచ్చిన పాఠమే తీసుకుంటా. టీచర్ గారూ, ఆ ప్రశ్న అడిగిన కుర్రాడి చేత చదివించండి.