లోవర్ చేసిన స్విఫ్ట్‌కు వెడల్పు వీల్స్: మడ్‌గార్డ్ అంచు మడవాలా, వీల్స్ మార్చాలా?

టవర్‌క్లాక్_స్విఫ్ట్, అనంతపురం
నాది మూడో తరం స్విఫ్ట్. కంపెనీ టైర్ 185/65 ఆర్15 (వెడల్పు 185 మిల్లీమీటర్లు, పక్కగోడ ఎత్తు అందులో 65 శాతం, రిమ్ 15 అంగుళాలు). లోవరింగ్ స్ప్రింగులు వేయించి 35 మిల్లీమీటర్లు దించాను. ఈ మధ్య 16 అంగుళాల అలాయ్స్ ఎక్కించాను: వెడల్పు 7జె, ఆఫ్‌సెట్ ఈటీ 38 (అంటే వీల్ హబ్‌కు ఆనే చోటు రిమ్ నడిమధ్య నుంచి 38 మిల్లీమీటర్లు బయటివైపు ఉంటుంది), టైర్లు 205/50. ఒక్కడినే పోతే శబ్దమే లేదు. వెనక ముగ్గురు కూర్చుంటే మాత్రం స్పీడ్ బ్రేకర్ దిగేటప్పుడు వెనక టైర్ బర్రుమని రాసుకుంటుంది. యూటర్న్‌లో ఫుల్ కటింగ్ కొడితే ముందు మడ్‌గార్డ్ లోపలి ప్లాస్టిక్ లైనర్‌కూ కాస్త తగులుతుంది. ఒక షాపులో మడ్‌గార్డ్ అంచు లోపలికి మడిపిస్తే సరిపోతుందన్నారు. ఇంకో షాపులో 5 మిల్లీమీటర్ల స్పేసర్ (హబ్‌కూ వీల్‌కూ మధ్య పెట్టే బిళ్ళ) వేయమన్నారు. కారు ఎత్తు పెంచడం నాకు ఇష్టం లేదు. ఎవరి మాట వినాలి?

బళ్ళారి_చౌరస్తా, కర్నూలు
మడిపించేయ్ తమ్ముడూ. కారు దించి వెడల్పు వీల్స్ వేసుకునేవాళ్ళు ఎప్పటినుంచో చేస్తున్న పనే. హీట్ గన్‌తో పెయింట్ బాగా వేడెక్కించి, రోలర్‌తో కొంచెం కొంచెంగా మడిస్తే పగుళ్ళు రావు. నా పోలోకు చేయించాను, ఇంతవరకు చుక్క తుప్పు లేదు. మనది సముద్రపు గాలి తగిలే ఊరా, అనవసరంగా భయపడటానికి? స్పేసర్ మాత్రం వద్దు.

గుత్తిరోడ్_అలైన్‌మెంట్, అనంతపురం
స్పేసర్ వద్దన్న మాట నూటికి నూరుపాళ్ళు నిజం. తగిలేది బయటి అంచుకైతే, స్పేసర్ వేస్తే వీల్ ఇంకా 5 మిల్లీమీటర్లు బయటికొస్తుంది. రోగానికి మందు వేయమంటే రోగాన్నే పెంచినట్టు. లోపల స్ట్రట్‌కో స్ప్రింగ్ కప్పుకో తగిలేవాళ్ళకు స్పేసర్ పనికొస్తుంది, మీ కేసు అది కాదు.

అంచు మడవడం దగ్గరే నాకు అభ్యంతరం. చాలా కార్లలో వెనక మడ్‌గార్డ్ అంచు రెండు రేకులు కలిసే చోటు. మధ్యలో సీలెంట్ ఉంటుంది. మడిస్తే అది చీలుతుంది. వాన తక్కువే కావచ్చు, కారు కడిగిన నీళ్ళు ఆ సందులోకే పోతాయి. తుప్పు పైకి కనబడేసరికి లోపల తినేసి ఉంటుంది.

అందరూ టైర్ వెడల్పును తిడతారు. ఇక్కడ అసలు సంగతి ఆఫ్‌సెట్. లెక్క చూడండి. 7జె అంటే 7 అంగుళాలు, దాదాపు 178 మిల్లీమీటర్లు. అందులో సగం 89. ఈటీ 38 కాబట్టి హబ్‌కు ఆనే చోటు నుంచి రిమ్ బయటికి 51, లోపలికి 127 మిల్లీమీటర్లు. అదే 6.5జె, ఈటీ 45 వీల్ అయితే బయటికి 37.5, లోపలికి 127.5. అంటే బయటివైపు 13 మిల్లీమీటర్లకు పైగా ఖాళీ దొరుకుతుంది, లోపలివైపు పోయేది ఒక మిల్లీమీటరు కూడా లేదు. మీ 205/50 టైర్లే దాని మీద చక్కగా కూర్చుంటాయి. రేకు ముట్టుకోకుండా ఇంత చోటు దొరుకుతుంటే మడవడం ఎందుకు?

ఇంకో ముఖ్యమైన ప్రశ్న. స్ప్రింగులు మార్చినప్పుడు బంప్ స్టాప్ (చక్రం మరీ పైకి పోకుండా ఆపే రబ్బరు) కోశారా? ఆ రబ్బరును మరీ పొట్టిగా కోస్తే బరువు పడినప్పుడు టైర్ ఉండాల్సిన దానికన్నా పైకి వెళ్తుంది. అప్పుడు ఏ వీల్ వేసినా తగులుతుంది. స్ప్రింగులే కోసి ఉంటే మాత్రం ముందు అవి తీసేయండి. చక్రం గాల్లో వేలాడినప్పుడు కోసిన స్ప్రింగ్ తన చోటు నుంచి జారిపోవచ్చు.

పెన్నా_వంతెన, కడప
వెనక ముగ్గురు కూర్చుంటే తగులుతోందంటే ఆ ముగ్గురూ ఇంట్లోవాళ్ళే కదా. నా మాట కంపెనీ సైజుకు తిరిగి వెళ్ళమనే. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ కంపెనీ ఇచ్చిన వివరాలకు విరుద్ధంగా బండిని మార్చకూడదంటుంది. 2019 సవరణలో వచ్చిన 182ఏ ప్రకారం ఒక్కో మార్పుకు 5,000 రూపాయల జరిమానా గానీ, ఆరు నెలల వరకు జైలు గానీ, రెండూ గానీ. ప్రమాదం జరిగితే ఇన్సూరెన్స్ వాళ్ళు అడిగే మొదటి ప్రశ్న కూడా ఇదే.

బళ్ళారి_చౌరస్తా, కర్నూలు
కడప అన్న చట్టం మాట కాదనను. కానీ అడిగింది తగలకుండా ఎలా అని. కంపెనీ టైర్‌కు దగ్గరి ఎత్తు కావాలంటే 16 అంగుళాల్లో 195/55 ఉందిగా? కంపెనీది 621.5 మిల్లీమీటర్లు, ఇది 621. వెడల్పూ తగ్గుతుంది.

గుత్తిరోడ్_అలైన్‌మెంట్, అనంతపురం
వెనకకు మంచిదే అన్నా, ముందుకు కాదు. ఇప్పుడున్న 205/50 ఎత్తు 611. 195/55 వేస్తే టైర్ చుట్టూ దాదాపు 5 మిల్లీమీటర్లు పెరిగి, లైనర్‌కు ఇప్పటికన్నా ఎక్కువ తగిలే అవకాశం ఉంది. పైగా మామూలు 195/55 మీద లోడ్ ఇండెక్స్ 87 ఉంటుంది, అంటే టైరుకు 545 కిలోలు. 185/65 మీద ఉండే 88కి 560 కిలోలు. వేసుకుంటే 91 ఉన్న ఎక్స్‌ఎల్ (ఎక్కువ బరువు మోసే రకం) టైరే తీసుకోవాలి. క్యాంబర్‌తో టైర్‌ను లోపలికి వాల్చుదామన్నా, ఈ కారు వెనక ఇరుసు టోర్షన్ బీమ్ (రెండు చక్రాలను కలిపే ఒకే దూలం), బోల్టు తిప్పి సరిచేసే వీలు లేదు.

ఏదీ కొనకముందు ఒక పని చేయండి. మడ్‌గార్డ్ అంచు లోపలంతా, లైనర్ మీదా తడి సుద్ద పూసి ఆరనివ్వండి. నలుగురిని కూర్చోబెట్టి, రోజూ వెళ్ళే దారిలో స్పీడ్ బ్రేకర్లు దాటండి, ఖాళీ స్థలంలో రెండు వైపులా ఫుల్ కటింగ్ కొట్టండి. ఎక్కడ చెరిగిందో అక్కడే తగులుతోంది. లోపలివైపు స్ప్రింగ్‌కూ టైర్‌కూ మధ్య ఎంత సందు ఉందో కూడా కొలవండి.

టవర్‌క్లాక్_స్విఫ్ట్, అనంతపురం
చేశాను అన్నా. వెనక రెండు వైపులా బయటి అంచు మీదే చెరిగింది, లోపల ఎక్కడా లేదు. ముందు లైనర్ బయటి మూలలో గోరంత గీత. బంప్ స్టాప్ కోయలేదని స్ప్రింగులు వేసిన మెకానిక్ చెప్పాడు, అయినా వీల్ విప్పించి చూసుకున్నాను, నిజమే. బెంగళూరులో ఒకరి దగ్గర 6.5జె ఈటీ 45 సెట్ అమ్మకానికి ఉంది. నా వీల్స్ అమ్మి అవి తీసుకుంటా. కంపెనీ వీల్స్ కూడా ఇంట్లోనే దాచి పెడతా, కడప అన్న చెప్పింది మనసులో ఉంది.

బళ్ళారి_చౌరస్తా, కర్నూలు
సరే, రేకు ముట్టుకోకుండా అయితే నాకూ సంతోషమే. డబ్బులు ఇచ్చే ముందు బోల్టుల లెక్క 4×100 (100 మిల్లీమీటర్ల వృత్తం మీద నాలుగు బోల్టులు) అవునో కాదో చూసుకో. మధ్య రంధ్రం 54.1 మిల్లీమీటర్ల కన్నా పెద్దదైతే ఆ సందు పూడ్చే హబ్ రింగులు కూడా తీసుకో, లేకుంటే హైవే మీద స్టీరింగ్ వణుకుతుంది.