గినీ పిగ్‌కి ఇంట్లో వారం వారం ఏమేం చూస్తారు?

బన్నూ_చిన్నూ:
మా ఇంట్లో రెండు ఆడ గినీ పిగ్‌లు. పోయిన నెల బన్నూ చూడ్డానికి బాగానే ఉంది. ఫ్రిజ్ తలుపు చప్పుడైతే చాలు, ఎప్పటిలాగే కూత పెట్టేది. అనుకోకుండా వంటింటి కాటా మీద కూర్చోబెడితే 830 గ్రాములు. రెండు నెలల క్రితం 960. డాక్టర్ గారు మత్తిచ్చి నోట్లో చూస్తే దవడ పళ్లు మొనదేలి నాలుకకి గుచ్చుకుంటున్నాయి. గడ్డి దగ్గరికి వెళ్లేది గానీ నమిలేది కాదన్నమాట. పళ్లు అరగదీశారు, కోలుకుంటోంది. ముందే చూసుకోలేకపోయానని బాధగా ఉంది. మీరు ఏమేం చూస్తారో చెప్తారా?

గరికపోచ:
బాధపడకండి. ఇవి జబ్బును చివరిదాకా దాచుకుంటాయి, కంటికి కనపడదు. అందుకే నేను కాటానే నమ్ముతాను. ఆదివారం పొద్దున ఆకుకూర పెట్టకముందు, ఎప్పుడూ అదే కాటా మీద. గిన్నెలో తువ్వాలు వేసి, కాటా సున్నాకి తెచ్చి కూర్చోబెడితే కదలవు. క్యాలెండర్ మీదే రాస్తాను. 20, 30 గ్రాముల తేడా పొట్ట నిండుగా ఉన్నా వస్తుంది. 50 తగ్గితే రోజూ తూస్తాను. 100 తగ్గితే డాక్టర్ దగ్గరికే. ఒక పూటంతా ఏమీ తినకపోతే మాత్రం కాటా కోసం కూడా ఆగొద్దు. పేగుల కదలిక ఆగిపోతే గంటల్లో ప్రమాదం.

బెజవాడ_పెరడు:
నేను పాదాలు చెప్తాను, చాలామంది తిప్పి చూడరు. మేము కొన్న పంజరానికి అడుగున ఇనుప జాలీ ఉండేది. ఆర్నెల్లకి వెనక పాదాల కింద ఎర్రబడి, చర్మం గట్టిపడి, చిన్న పుండు పడింది. తగ్గడానికి మూడు నెలలు పట్టింది. ఇప్పుడు మెత్తటి గుడ్డ పరుస్తాను, తడిసిన చోట రోజూ మారుస్తాను. గోళ్లు పెరిగి వంకర తిరిగినా బరువంతా అరికాలి మీదే పడుతుంది, నెలకోసారి కత్తిరించండి. ఎండాకాలంలో మా దగ్గర ఇంకో పని, మధ్యాహ్నం చెవులు ముట్టుకుని చూడ్డం. చెవులు కాలిపోతూ, పక్కకి ఒరిగి గబగబా ఊపిరి తీస్తుంటే వడదెబ్బే. వెంటనే చల్లటి గదిలోకి మార్చి ఫోన్ చేయండి.

కొత్తగా_పెంచుతున్నా:
మా వాడి కంట్లో పాలలాంటి తెల్లటి నీరు వస్తోందండి. గుడ్డ మీద మూత్రం ఆరాక తెల్లటి పొడి కూడా ఉంది. టెన్షన్‌గా ఉంది.

గరికపోచ:
ఆ పాలనీరు మామూలేనండి, దాంతోనే మొహం కడుక్కుంటాయి. కన్ను మూసుకుపోయినా, పుసి కట్టినా అప్పుడు చూపించాలి. మూత్రంలో ఆ తెల్ల పొడి ఏమో కాల్షియం. కొంచెమైతే పర్లేదు. ఇసకలా గరుగ్గా తగిలినా, ఎర్రగా పడినా, పోసేటప్పుడు మూలిగినా రాయి ఉందేమో చూపించండి. పాలకూర రోజూ పెడుతుంటే తగ్గించండి. క్యాప్సికం పెట్టండి, మనలాగే వీటికీ విటమిన్ సి ఒంట్లో తయారుకాదు. అది తగ్గితే కీళ్లు నొప్పి పుట్టి నడవడం మానేస్తాయి.

మైనా_గూడు:
ఒక మాట నేనూ చెప్పాలి. మా గినీ పిగ్ పిల్లకి జలుబు చేస్తే, ఎక్కువగా కుక్కల్ని చూసే క్లినిక్‌లో అమోక్సిసిలిన్ సిరప్ రాశారు. మూడో రోజుకి విరేచనాలు, నాలుగో రోజు పోయింది. పెన్సిలిన్ జాతి మందులు నోటి ద్వారా వేస్తే వీటి పేగుల్లోని మంచి బ్యాక్టీరియా చచ్చిపోతుందని ఆ తర్వాతే తెలిసింది. ఏ మందు రాసినా "ఇది గినీ పిగ్‌కి పడుతుందా" అని అడగండి. మొహమాటపడకండి.

బన్నూ_చిన్నూ:
మైనా గారూ, చదువుతుంటే కళ్లనీళ్లొచ్చాయి. మందు పేరు మా క్యాలెండర్ మీదే రాసిపెట్టాను. ఇందాక చిన్నూ పాదాలు తిప్పి చూశాను, ఎడమ మడమ దగ్గర కొంచెం ఎర్రగానే ఉంది. పొద్దున్నే గుడ్డ మారుస్తాను. బన్నూ ఇవాళ 872.