1932 నాటి నిజాం బస్సు ఎవరి కోసం నడిచింది?

పాలమూరు బాటసారి:
దేశంలో సర్కారు బస్సుకు పునాది పడింది మన హైదరాబాద్ సంస్థానంలోనే. 1932 జూన్‌లో నిజాం రాష్ట్ర రైల్వే కింద రోడ్డు రవాణా శాఖ పెట్టిన్రు. 27 బస్సులు, 166 మంది సిబ్బంది. ఇప్పటి కేరళ దిక్కున్న తిరువాన్కూరు సంస్థానం 1938లో గానీ ఆ పనికి పూనుకోలేదు. ఇంత చరిత్ర ఉండి కూడా నిజాం పేరెత్తితేనే మనోళ్లు మొహం తిప్పుకుంటరు. మా తాత ఆ శాఖల డ్రైవర్. ఖాకీ బట్టలు, నెల తిరిగేసరికి జీతం. కూలికి తప్ప ఊరు దాటని ఇంట్ల అది చిన్న సంగతి కాదు.

మూసీ ఒడ్డు:
1931 జనాభా లెక్కల ప్రకారం సంస్థానంల 1.44 కోట్ల మంది. బస్సులు 27. ఇది ప్రజారవాణానా? "రైల్వే కింద" అని మీరే రాసిన్రు, అసలు సంగతి అక్కడే ఉంది. 1930లో రైల్వేను అప్పటిదాకా నడిపిన కంపెనీ నుంచి సర్కారు కొన్నది. ప్రైవేటు మోటార్లు రైలు ప్రయాణికులను గుంజుకపోతే నష్టం ఖజానాకే. అందుకే రోడ్డును కూడా తన చేతిల పెట్టుకున్నది.

కృష్ణ తీరం:
మొదలు ఎక్కడైనా చిన్నగనే ఉంటది కదన్నా.

పాలమూరు బాటసారి:
ఆ 27నే పట్టుకుని వేలాడకండి. రైలు, బస్సు ఒక్క చేతి కింద ఉంటే తప్పేంది? ఒకదాన్నొకటి చంపుకోకుండా నడిచినయి. మా పాలమూరుకైతే రైలు ఉండె, మీ నల్లగొండకు అదీ లేదు. బస్సే రాకపోతే మీరెట్ల పోదురు?

యాదగిరి దారి:
చిన్న సవరణ. నల్లగొండ పట్నానికి లేదు గానీ జిల్లాకు అప్పటికే రైలు ఉంది. భువనగిరి, ఆలేరు ఆనాడు నల్లగొండ జిల్లాలోనివే.

పాలమూరు బాటసారి:
నేనన్నది పట్నం గురించే.

మూసీ ఒడ్డు:
ఎట్ల పోదురంటరా? ఎడ్లబండి మీద, లేకుంటే నడిచి. ఆ బండి కూడా మనది మనకు దక్కేది కాదు. పోలీసు అమీనో, రెవెన్యూ గిర్దావరో ఊరికొస్తే బండి కట్టి దింపి రావాలె, కిరాయి లేదు. మా తాతను దున్నే పొద్దుల ఎడ్లతోని సహా గుంజుకపోయిండ్రట, రెండో నాడు తిరిగొచ్చేసరికి పదును పోయింది. వెట్టి అంటే అదే. పట్నంల బస్సుకు పైసలిచ్చి టికెట్టు, పల్లెల సర్కారు మనిషికి మా బండి ఉచితం. 1946ల మా దిక్కు జనం ఎందుకు తిరగబడ్డరో మీ తాతకు తెల్వదా?

పాలమూరు బాటసారి:
మా తాతను మధ్యకు తేకండి. ఆయన బస్సు నడిపిండు, వెట్టి చేయించలే.

మూసీ ఒడ్డు:
తాత పేరు ముందు తెచ్చింది మీరు!

పాత కండక్టర్:
ఇద్దరూ జర ఆగున్రి. రైల్వే నుంచి విడిపోయి సర్కారు శాఖ అయింది 1951 నవంబర్ 1న. కార్పొరేషన్, అంటే ఆర్టీసీ, అయింది 1958 జనవరి 11న. పల్లెలకు బస్సు నిజంగ చేరింది ఆ తర్వాత ఏండ్లల్ల. మీరు 1932 కాడనే కొట్లాడుతున్రు.

మూసీ ఒడ్డు:
కొట్లాట 1932 గురించి కాదన్నా. మా ఊరికి రాత్రి తొమ్మిదింటికి వచ్చి, పండుకుని, పొద్దున ఆరింటికి పోయే బస్సు ఉండె. కలెక్షన్ లేదని ఆపిన్రు. మా చెల్లె డిగ్రీ రెండో ఏడాది కాడ ఆగిపోయింది. ఆటోల వెనుక చెక్క మీద వేలాడుకుంట పోనియ్యనని అమ్మ పట్టు. రైల్వే లాభం చూసి బస్సు పెట్టిన బుద్ధి, కలెక్షన్ చూసి బస్సు ఆపే బుద్ధి, రెండూ ఒక్కటే. ఆ మొదలును గొప్పగ చెప్తే నాకు మండుతది.

పాలమూరు బాటసారి:
ఇది ముందే చెప్తే అయిపోవు. చెల్లె చదువు ఆగిందంటే నాకూ బాధే. కానీ డీజిల్ ఎవరు పోస్తరు? జీతం ఎవరిస్తరు? నలుగురి కోసం ముప్పై కిలోమీటర్లు నడిపితే సంస్థే మునుగుతది. అది మునిగితే ఏ ఊరికీ బస్సు ఉండదు.

మూసీ ఒడ్డు:
బడి నడిపితే లాభమొస్తదా? దవాఖానకు కలెక్షన్ అడుగుతమా?

కృష్ణ తీరం:
2023 డిసెంబర్ నుంచి ఆడోళ్లకు టికెట్టు లేదు. బస్సే రాని ఊరికి ఆ సౌకర్యం ఏం అక్కర?

పాలమూరు బాటసారి:
ఉచితం పెట్టినంక బస్సులు నిండుతున్నయి, ఆ పైసలు సర్కారు కట్టాలె. నేను సేవ వద్దంటలేను, నష్టం ఎవరు మొయ్యాలెనో తేల్చమంటున్న.

మూసీ ఒడ్డు:
సర్కారే మొయ్యాలె. అందుకే సర్కారు బస్సు అంటం.

పాత కండక్టర్:
తమ్మీ, రాత్రి ఆగే బస్సు కావాలంటే డ్రైవర్‌కు, కండక్టర్‌కు పండుకునే గది, నీళ్లు, కరెంటు ఊరోళ్లు చూడాలె. గది లేక బస్టాపుల పండుకున్న రోజులు నాకెరుక. పంచాయతీ తీర్మానం, చదువుకునే పిల్లల పేర్లు జతచేసి డిపో మేనేజర్‌కు ఇయ్యున్రి.

మూసీ ఒడ్డు:
గది మునుపే ఇచ్చినమన్నా, తాళం ఇంకా సర్పంచ్ ఇంట్లనే ఉన్నది. పేర్లు రేపే రాపిస్త.