మునగ చెట్టుకు గొంగళి పురుగులు: మందు కొట్టాల్నా, కాల్చాల్నా, చెట్టే కొట్టెయ్యాల్నా?

పాలమూరు పెరడు:
మహబూబ్‌నగర్‌ల మా ప్రహరి పక్కన పాత మునగ చెట్టున్నది. వానలు పడుడే ఆలస్యం, ప్రతి ఏడు మొద్దు నిండ గొంగళి పురుగులు పేరుకుంటున్నయి. పొద్దుగాల చూస్తే బెరడు కనబడది, బొచ్చే కనబడ్తది. బట్టల తీగ దాని కిందనే. పిల్లల మెడలకు దద్దుర్లు. వేపనూనె కొట్టిన, లాభం లేదు. ఏం చెయ్యాల్నో చెప్పుండ్రి.

నల్లగొండ నాగలి:
పత్తికి తెచ్చిన మోనో, అదే మోనోక్రోటోఫాస్ పురుగుమందు, ఎవరింట్లనన్న ఉంటది. అది కొట్టన్నా. తెల్లారేసరికి అన్నీ కింద రాల్తయ్.

వనపర్తి అక్క:
ఇంటి ముందట మునగ ఉండొద్దని పెద్దోళ్ళు ఊకెనే అన్లే. కొట్టేయుండ్రి. కొమ్మ పాతితే మళ్ళొస్తది, చెల్క కాడ పెట్టుకోండి.

దేవరకొండ సార్:
అక్కా, పురుగొచ్చిందని చెట్టు కొట్టుకుంటూ పోతే ఈ ఊళ్ళల్ల నీడ మిగలదు. ఇగ మోనో సంగతి. మోనోక్రోటోఫాస్‌ను కూరగాయల మీద వాడొద్దని కేంద్రం 2005లోనే చెప్పింది. డబ్బా మీద ఎర్ర త్రికోణం, అంటే అతి విషమన్న గుర్తు, ఊరికే ఉండదు. పైగా అది ఆకు మీద నిలిచే మందు కాదు, చెట్టు లోపలికి ఎక్కే మందు, కడిగితే పోదు. మునగల మనం ఆకు, పువ్వు, కాయ మూడూ తింటం.

వేపనూనె ఎందుకు పనిచెయ్యలేదంటే, ఈ బొంతపురుగు పగలంత మొద్దు మీద గుంపుగ పడుకొని రాత్రి పైకెక్కి ఆకు తింటది. మీరు పగలు ఆకుకు కొట్టి ఉంటరు. పైగా బొచ్చు బాగ పెరిగిన పురుగు వేపనూనెకు లొంగదు, చిన్నగున్నప్పుడే కొట్టాలె. ఇప్పుడైతే పొడుగు కర్రకు గుడ్డ చుట్టి, నూనెల ముంచి, ఆ గుంపుకు మంట తాకిచ్చి వెంటనే తియ్యండి. ముక్కుకు, మూతికి గుడ్డ కట్టుకోవాలె, బొచ్చు ఎగిరితే మీకే దురద. తప్పించుకున్నవి మట్టిలకు పోయి గూడు కట్టుకుంటయి, కాబట్టి తర్వాత పాదు తవ్వి తిరగెయ్యండి, కోళ్ళు, గోరింకలు చూసుకుంటయి. మళ్ళ ఏడు తొలి వానకు రెక్కల పురుగులు లేస్తయి. అప్పుడు ఆకుల మీద గుడ్ల గుంపు కనబడ్తె ఆ ఆకే తెంపి కాల్చాలె.

నల్లగొండ నాగలి:
మంట పెడితే చెట్టు సస్తది సార్. మా మామ గిట్లనే చేసిండు. బెరడు పగిలి బంక కారింది, ఆ ఏడు ఒక్క కాయ పడలే.

దేవరకొండ సార్:
మునగకు బంక ఏ దెబ్బ తగిలినా కారుతది. మీ మామ ఎంతసేపు పట్టిండో మంట?

నల్లగొండ నాగలి:
నాకేం తెల్సు, నేను గడియారం పట్టుకొని నిల్సున్ననా? బెరడు కాలింది, గంతే. మీరు బెరడు గురించి చెప్పుండ్రి.

మిర్యాల మిత్రుడు:
సబ్బు నీళ్ళు కొట్టి చీపురుతోని దులిపితె?

వనపర్తి అక్క:
దులుపు తమ్మీ. అన్నీ నీ నెత్తిమీదనే పడ్తయ్.

నల్లగొండ నాగలి:
సేంద్రియం సేంద్రియం అని ఒక దుకాణపాయన నాకు ఆకుపచ్చ సీసా అంటగట్టిండు. నీళ్ళకంటె పల్చగుండె. అప్పటి సంది మోనో తప్ప దేన్నీ నమ్మ. చెట్టు నాది, డబ్బా నాది.

దేవరకొండ సార్:
చెట్టు మీదే. ఆకు తినేటోళ్ళెవరు? పెరడు గారూ, గోడ అవతలి కొమ్మల ఆకు ఎవరు తెంపుకుంటరు?

పాలమూరు పెరడు:
వీధోళ్ళే. ఆషాఢంల అయితే పొద్దుగాల లేచేసరికి కొమ్మలు బోడిగుంటయి. మేమేం అనం.

నల్లగొండ నాగలి:
ఇగో, గిదీ అసలు సంగతి! అడగకుండ తెంపుకపోయేటోళ్ళ కోసం నేను మందు కొట్టుడు మానాల్నా? కొట్టినప్పుడల్ల దండోరా ఎయ్యాల్నా? మా చెట్టు కాయలు సంచులకు సంచులు కోసుకపోతె, అడిగినందుకు నన్నే పిసినారి అన్నరు. వాళ్ళకు లేని పట్టింపు నాకెందుకు?

దేవరకొండ సార్:
ఎయ్యాలె. దండోరా ఎయ్యాలె. మా పక్కింటాయన చెప్పకుండ మందు కొట్టి, కొమ్మలు గోడవతల పడేస్తె మా మేక తిని పొద్దుగూకేసరికి నురుగు కక్కి సచ్చింది. అడిగితె "మేకను కట్టేసుకో" అన్నడు. ఆ మాట మీ నోట్ల మళ్ళ ఇనబడ్తున్నది నాకు.

నల్లగొండ నాగలి:
మీ మేకకు, నాకు ఏం సంబంధం సార్? ఆయనను అడుగుండ్రి.

మిర్యాల మిత్రుడు:
పెద్దమనుషులారా, పురుగు ఇంకా మొద్దు మీదనే ఉన్నది.

వనపర్తి అక్క:
కొట్టేయుమన్న మొదట్నే.

పాలమూరు పెరడు:
చెట్టు కొట్టనక్కా, మా అమ్మ పెట్టింది. ఇంట్ల మోనో ఉన్నది గని కొట్ట, మా వదినె కూడ ఆ కొమ్మ ఆకే తెంపుతది. ఆదివారం వాన లేకుంటె కాలుస్త, బట్టల తీగ ముందుగాలనే తీసి. నాగలన్నా, బంక కారితె ఫోటో పెడ్త.

నల్లగొండ నాగలి:
పెట్టు. కారుతది సూడు. కాని అడగకుండ తెంపెటోళ్ళ మీద సార్ ఒక్క మాట అనలే ఇప్పటిదాంక.

దేవరకొండ సార్:
అడగకుండ తెంపుడు తప్పే. దానికి శిక్ష మోనో కాదు.

నల్లగొండ నాగలి:
శిక్ష అని నేనెక్కడన్న? మాటలు నా నోట్ల పెట్టకుండ్రి.