విండోస్ 10 కి అప్‌డేట్లు ఆగిపోయినాయి, షాపులో ఉండే పాత సిస్టమ్‌లు మార్చాల్సిందేనా?

కొర్లగుంట_జిరాక్స్:

అందరికీ నమస్తే. తిరుపతిలో కొర్లగుంట సైడు చిన్న జిరాక్స్ షాపు నాది. ప్రింటౌట్లు, ఆన్‌లైన్ అప్లికేషన్లు, మూడొందల రూపాయల దర్శనం టికెట్లు, పెళ్ళి పత్రికల టైపింగు, ఇదే పని. రెండు సిస్టమ్‌లు ఉండాయి, రెండూ ఐ3 నాలుగో జనరేషన్, 4 జీబీ ర్యామ్, 500 జీబీ హార్డ్ డిస్క్, విండోస్ 10. పొద్దున ఆన్ చేసి, వాకిలి చిమ్మి నీళ్ళు చల్లి, సామి పటానికి అగరబత్తి పెట్టి వచ్చినా ఇంకా గుండ్రంగా తిరగతానే ఉంటాది. టాస్క్ మేనేజర్‌లో చూస్తే డిస్క్ వంద శాతం. దర్శనం కోటా వదిలే రోజు షాపు నిండా జనం, అప్పుడు బ్రౌజర్ తెల్లగా ఆగిపోతే వాళ్ళకు ఏం చెప్పాలో తెలీదు.

సర్వీసు చేసే అబ్బాయి విండోస్ 10 అయిపోయింది, పదకొండు దీంట్లో ఎక్కదు, రెండూ కొత్తవి కొనండి అంటాడు. ఇంకొకాయన ఏదో అడ్డదారిలో పదకొండే ఎక్కిస్తానంటాడు. మా బావమరిది కొడుకేమో విండోస్ బదులు లినక్స్ వేసుకో మామా, ఫ్రీ కదా అంటాడు. ఎవరి మాట వినాలో అర్థం కావడం లేదు.

నాకు ముఖ్యంగా భయం టైపింగు గురించే. అను అనే తెలుగు ఫాంట్లతో, యాపిల్ అనే కీబోర్డు లేఅవుట్ మీద చెయ్యి పడిపోయింది, మళ్ళీ కొత్త కీబోర్డు నేర్చుకునే ఓపిక లేదు, పత్రికలు చేసిన పేజ్‌మేకర్ ఫైళ్ళు బోలెడు ఉండాయి. ఇంకో సంగతి, డౌన్‌లోడ్స్ ఫోల్డర్ నిండా కస్టమర్ల ఆధార్‌లు, పాన్ కార్డులు పడి ఉండాయి, రోజూ కూర్చుని తీసేదానికి కుదరదు, అది తలుచుకుంటే మనసులో ఒకటే పీకులాట. దానికేమన్నా దారి ఉంటే చెప్పండి. డబ్బులు ఎక్కువ పెట్టలేను.

చిత్తూరు_హార్డ్‌వేర్:

అన్నా, కొత్త సిస్టమ్ మాట ముందు పక్కన పెట్టు. డిస్క్ వంద శాతం అని నువ్వే చెప్తా ఉండావు కదా, జబ్బు అక్కడే ఉండాది. విండోస్ 10 ఆన్ అయినప్పటి నుంచి అప్‌డేట్లు వెతుక్కోవడం, యాంటీవైరస్ స్కాను, ఇండెక్సింగు అని వెనకాల పది పనులు పెట్టుకుంటాది, తిరిగే హార్డ్ డిస్క్ ఆ వేగాన్ని అందుకోలేదు. ఒక 256 జీబీ సాటా ఎస్‌ఎస్‌డీ, అంటే తిరిగే భాగాలు లేని వేగమైన డిస్క్, కొని వెయ్యి, పాత డిస్క్‌ను దాంట్లోకి క్లోన్ చేయించు, అంటే నీ ఫాంట్లు పేజ్‌మేకర్ అన్నీ ఎట్లుండేవి అట్లే వస్తాయి. పాత 500 జీబీది రెండో డిస్క్‌గా లోపలే ఉంచుకో, ఫైళ్ళకు పనికొస్తాది. ర్యామ్ నీ బోర్డుకు డీడీఆర్3 అయ్యుంటాది, ఇంకో 4 జీబీ స్టిక్కు వేస్తే బ్రౌజర్ తెల్లబడేది తగ్గతాది. ఈ రెండూ కలిపినా కొత్త సిస్టమ్ ఖర్చులో చిన్న ముక్క.

అది వేసేలోపల చెయ్యదగ్గవి కూడా ఉండాయి. కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ మూడూ కలిపి నొక్కితే టాస్క్ మేనేజర్ వస్తాది, దాంట్లో స్టార్టప్ అనే ట్యాబ్‌లో పొద్దునే నీకు అక్కర్లేనివి, వీడియో మీటింగ్ యాప్‌లు, గేమ్ లాంచర్లు, ప్రింటర్ కంపెనీ అప్‌డేటర్లు, అన్నీ డిజేబుల్ కొట్టు. సిస్టమ్ ప్రాపర్టీస్‌లో పెర్ఫార్మెన్స్ కాడ బెస్ట్ పెర్ఫార్మెన్స్ పెడితే యానిమేషన్లు పోయి కొంచెం చురుగ్గా ఉంటాది, అయితే దాంట్లో స్మూత్ ఎడ్జెస్ ఆఫ్ స్క్రీన్ ఫాంట్స్ అని ఒకటి ఉండాది చూడు, దాని టిక్కు మాత్రం మళ్ళీ పెట్టుకో. లేకపోతే తెలుగు అక్షరాలు గరుకుగా తయారై ఒత్తులు, సుడులు ఒకదాంట్లో ఒకటి కలిసిపోయి చదివేదానికి కండ్లు లాగతాయి.

ఇంకోటి, అన్ని వెబ్‌సైట్లూ సెక్యూరిటీ ఎర్రర్ అని ఒకేసారి చూపిస్తే ముందు కింద మూల టైము, తేదీ చూడు. ఈ వయసు బోర్డుల్లో టైమును కాపాడే సీఆర్2032 బ్యాటరీ అయిపోయి ఉంటాది, కరెంటు పోయి వచ్చినప్పుడల్లా తేదీ ఏండ్ల వెనక్కు పోతాది, అప్పుడు బ్రౌజర్ ఏ సైటునూ నమ్మదు. గడియారాల షాపులో దొరికే బిళ్ళ బ్యాటరీ, అది మార్చేదానికి బదులు విండోస్ ఫార్మాట్ కొట్టే వాళ్ళు ఉండారు, జాగ్రత్త.

అలిపిరి_లినక్స్:

పై అన్న ఎస్‌ఎస్‌డీ గురించి చెప్పింది అక్షరాలా నిజం, ముందు అదే చేయండి. అయితే వేగం వేరు, భద్రత వేరు. విండోస్ 10 కి మామూలు అప్‌డేట్లు 2025 అక్టోబర్ 14తో ఆగిపోయాయి. ఈఎస్‌యూ అని ఇంకో ఏడాది, 2026 అక్టోబర్ 13 దాకా, సెక్యూరిటీ అప్‌డేట్లు ఇచ్చే పథకం ఉంది కానీ అది ఇళ్ళల్లో వాడే సిస్టమ్‌ల కోసం పెట్టింది, షాపు సిస్టమ్‌కు దాన్నే నమ్ముకుని కూర్చోకండి. విండోస్ 11 కి టీపీఎం 2.0 అనే సెక్యూరిటీ చిప్ కావాలి, ఇంటెల్ అయితే ఎనిమిదో జనరేషన్ నుంచే ఒప్పుకుంటుంది, మీది నాలుగు. అడ్డదారిలో ఎక్కించొచ్చు, ఎక్కుతుంది కూడా, కానీ అలాంటి సిస్టమ్‌లకు అప్‌డేట్లు వస్తాయన్న గ్యారంటీ లేదని మైక్రోసాఫ్టే చెప్తోంది. జనాల ఆధార్‌లు తెరిచే చోట ఆ పని నేను చేయనివ్వను.

నా మాట ఏంటంటే రెండు సిస్టమ్‌లకూ ఒకే మందు వేయాల్సిన పని లేదు. ఒకదాన్ని టైపింగుకు వదిలేయండి, విండోస్ 10, పేజ్‌మేకర్, అను, అన్నీ అలాగే, కానీ దానికి నెట్ వైరు పీకేయండి. ఫైళ్ళు పెన్‌డ్రైవ్‌లో ఇటు అటు మోసుకోవచ్చు. రెండోది నెట్ పనికి, దాంట్లో లినక్స్‌లో మింట్ అనే రకం, తేలిగ్గా నడిచే ఎక్స్‌ఎఫ్‌సీఈ ఎడిషన్ వేయండి. మింట్ 22 సిరీస్‌కు 2029 దాకా అప్‌డేట్లు ఉంటాయి, మీ 4 జీబీ ర్యామ్‌కు సరిపోతుంది. కింద ప్యానెలు, మూలన మెనూ, చూసేదానికి పాత విండోస్ మాదిరే ఉంటుంది కాబట్టి మౌస్ పట్టడం తెలిసిన ఎవరైనా రెండు రోజుల్లో అలవాటు పడతారు. బ్రౌజర్‌లో అయ్యే పని, అంటే దర్శనం టికెట్లు, నోటిఫికేషన్లకు అప్లికేషన్లు, రిజల్ట్సు, ఇవి ఏ ఆపరేటింగ్ సిస్టమ్‌లో అయినా ఒకటే.

ఇక మీరు భయపడే కీబోర్డు. లినక్స్‌లో ఐబస్ అని ఇన్‌పుట్ పద్ధతి ఉంటుంది, దానికి ఎం17ఎన్ ప్యాకేజీ ఎక్కిస్తే తెలుగులో ఇన్‌స్క్రిప్ట్, ఆర్‌టీఎస్, పోతన, వీటితో పాటు యాపిల్ లేఅవుట్ కూడా వస్తుంది. చేతి అలవాటు చాలావరకు పనికొస్తుంది, ఒకట్రెండు చోట్ల తేడా ఉండొచ్చు, ఒక పత్రిక మొత్తం టైప్ చేసి చూసుకోండి. పైగా దీంట్లో పడేది యూనికోడ్ తెలుగు. అనులో కొట్టింది వాట్సాప్‌లో పేస్ట్ చేస్తే పిచ్చి ఇంగ్లీషు గుర్తులు వస్తాయి కదా, ఇది అలా రాదు, ఎక్కడ పేస్ట్ చేసినా తెలుగే. ఫాంట్లకు కొదవ లేదు, మండలి, రామభద్ర, సూరన్న, గురజాడ ఇవన్నీ ఉచితంగా దొరుకుతాయి, పత్రిక హెడ్డింగుకు రామభద్ర లావుగా నిండుగా ఉంటుంది.

లిబ్రేఆఫీస్‌లో మాత్రం ఒక మెలిక ఉంది. తెలుగు అక్షరాలు సెలెక్ట్ చేసి ఫాంటు మారిస్తే కొన్నిసార్లు ఏమీ మారదు, సైజు కూడా మారదు, చెడిపోయిందనుకుంటారు. టూల్స్, ఆప్షన్స్‌లో లాంగ్వేజెస్ దగ్గరికి వెళ్ళి కాంప్లెక్స్ టెక్స్ట్ లేఅవుట్ అన్న దానికి టిక్ పెట్టి భాష తెలుగు అని ఎంచుకోండి. మన లిపికి ఫాంటు వేరే పెట్టెలో ఉంటుంది, ఇంగ్లీషుకు వేరే. ఈ ఒక్క సెట్టింగు తెలీక లినక్స్‌లో తెలుగు రాదని వదిలేసిన వాళ్ళు ఎంతమందో, నాకు నిజంగా బాధేస్తుంది.

ఇన్‌స్టాల్ చేసే ముందు పెన్‌డ్రైవ్ నుంచే బూట్ చేసి లైవ్‌లో నడిపి చూడండి, డిస్క్ మీద ఏమీ రాయదు. ప్రింటరు పట్టిందా, స్కానరు పట్టిందా, నెట్ వచ్చిందా, ఇవి చూసుకున్నాకే ముందుకు పోండి.

కొర్లగుంట_జిరాక్స్:

చాలా థాంక్స్ అన్నా, అలిపిరి వాళ్ళకు కూడా. నెట్ వైరు పీకేయమన్న మాట బాగుంది, నాకు తట్టలేదు. ప్రింటరు కేనన్ ఎల్‌బీపీ 2900, రెండు సిస్టమ్‌లకూ అదే. వేలిముద్ర పెట్టే డివైస్ కూడా ఒకటి ఉంది. ఇవి లినక్స్‌లో నడుస్తాయా? డౌన్‌లోడ్స్ ఫోల్డర్ సంగతి కూడా ఎవరన్నా చెప్పండి.

పలమనేరు_నెట్‌సెంటర్:

నాది కూడా ఇదే వ్యాపారం కాబట్టి చెప్తాను. ఎల్‌బీపీ 2900 కి కాప్ట్ అనే ప్రత్యేక డ్రైవర్ కావాలి, లినక్స్‌లో దాన్ని కూర్చోబెట్టడం పెద్ద తలనొప్పి, కాబట్టి ప్రింటరును విండోస్ సిస్టమ్‌కే ఉంచి లినక్స్‌లో పీడీఎఫ్ చేసుకుని పెన్‌డ్రైవ్‌లో తెచ్చి ప్రింట్ ఇవ్వండి. లేదంటే తర్వాత ప్రింటరు మార్చేటప్పుడు నెట్‌వర్క్ ప్రింటరు, డ్రైవర్ లేకుండా నడిచే రకం చూసి తీసుకోండి. వేలిముద్ర డివైస్‌కు కంపెనీ వాళ్ళ సాఫ్ట్‌వేర్, ఆధార్‌కు వేలిముద్ర పంపే ఆర్‌డీ సర్వీసు ఉండాలి, ఎక్కువ భాగం విండోస్ మీదే నడుపుతారు, దానికి మీ రోజువారీ ఆదాయం ముడిపడి ఉంటే ఆ ఒక్క పనికైనా అప్‌డేట్లు వచ్చే విండోస్ 11 సిస్టమ్ ఒకటి, సెకండ్‌హ్యాండ్‌లో అయినా, ఎనిమిదో జనరేషన్ పైన చూసి తర్వాత కొనుక్కోవాల్సిందే. ఇప్పటికిప్పుడు రెండూ మార్చే పని లేదు.

డౌన్‌లోడ్స్ గురించి మీకు పట్టింపు ఉంది చూశారా, అది చాలా మంచిది, మన లైన్లో చాలామంది పట్టించుకోరు. విండోస్‌లో సెట్టింగ్స్, సిస్టమ్, స్టోరేజ్‌లో స్టోరేజ్ సెన్స్ ఆన్ చేసి, ప్రతి రోజూ నడిచేటట్టు పెట్టి, డౌన్‌లోడ్స్ ఫోల్డర్‌కు 1 రోజు అని ఎంచుకోండి, ఒక రోజు దాటినా తెరవని ఫైళ్ళను అదే తీసేస్తుంది. మీ సొంత ఫైళ్ళు అక్కడ పెట్టుకోకండి, అవీ పోతాయి. క్రోమ్‌లో ఇన్‌కాగ్నిటో వాడినా డౌన్‌లోడ్ అయిన ఫైలు డిస్క్ మీదే ఉంటుంది, అది తెలుసుకోండి, లాగిన్‌లు, హిస్టరీ మాత్రమే పోతాయి.

విండోస్ కీ, వీ కలిపి నొక్కితే కాపీ చేసినవి వరసగా చూపించే క్లిప్‌బోర్డ్ హిస్టరీ వస్తుంది, అప్లికేషన్లు నింపేటప్పుడు చాలా ఉపయోగం, కానీ కస్టమర్ కూర్చునే సిస్టమ్‌లో దాన్ని ఆఫ్ చేసేయండి. ముందు మనిషి ఆధార్ నంబరు వెనక వచ్చిన మనిషికి కనిపిస్తుంది. అప్లికేషన్ నింపేటప్పుడు స్కాన్ చేసిన మార్కుల లిస్టు ఎడమ పక్క, ఫారం కుడి పక్క పెట్టుకోండి, విండోస్ కీ పట్టుకుని ఎడమ బాణం, కుడి బాణం కొడితే సగం సగం అతుక్కుంటాయి. పేరులో ఇనీషియల్, పుట్టిన తేదీ తప్పులు పడవు, ఆ తప్పు సరిచేసుకునేదానికి పిల్లలు ఎంత తిరగాలో మనకు తెలుసు కదా.

వాట్సాప్‌లో పంపించే డాక్యుమెంట్లు ఇంకో గొడవ. షాపు ఫోన్‌లో ఆటో డౌన్‌లోడ్ ఆఫ్ చేసి, ప్రింట్ అయిన వెంటనే ఆ మనిషి ముందరే చాట్ డిలీట్ కొట్టండి.

అలిపిరి_లినక్స్:

లినక్స్ వేసిన సిస్టమ్‌లో దీనికి ఇంకా తేలిక దారి ఉంది. మింట్‌లో లాగిన్ విండో సెట్టింగ్స్‌లో యూజర్స్ ట్యాబ్‌లో గెస్ట్ సెషన్ అని ఉంటుంది, ఆన్ చేయండి. కస్టమర్ వస్తే గెస్ట్‌గా తెరిచి ఇవ్వండి, పని అయ్యాక లాగౌట్ కొడితే డౌన్‌లోడ్‌లు, బ్రౌజర్ లాగిన్‌లు, పాస్‌వర్డ్‌లు అన్నీ తుడిచిపెట్టుకుపోతాయి. ఎవరో జీమెయిల్ తెరిచి మరిచిపోయి పోయారన్న బాధ ఉండదు. లాగౌట్ చేసే ముందు ప్రింట్‌కు కావాల్సిన పీడీఎఫ్ పెన్‌డ్రైవ్‌లోకి తీసుకున్నామా అని ఒకసారి అడగండి, అంతే.

ఒకవేళ విండోస్, లినక్స్ రెండూ ఒకే సిస్టమ్‌లో డ్యూయల్ బూట్ పెట్టాలనిపిస్తే విండోస్‌లో ఫాస్ట్ స్టార్టప్ ముందు ఆఫ్ చేయండి, లేకపోతే విండోస్ డ్రైవ్ లినక్స్‌లో చదవడమే కానీ రాయనివ్వదు. టైము కూడా ఐదున్నర గంటలు తేడా చూపిస్తుంది, ఎందుకంటే విండోస్ బోర్డు గడియారాన్ని మన టైముగా చదువుతుంది, లినక్స్ గ్రీన్‌విచ్ టైముగా చదువుతుంది. బ్యాటరీ పోయిందనుకుని మార్చేయకండి. మీకైతే రెండు సిస్టమ్‌లు ఉన్నాయి కాబట్టి ఈ తంటా వద్దనే అంటాను.

చిత్తూరు_హార్డ్‌వేర్:

అన్నా ఇంకో మాట, ఇదంతా మూఢాల్లో పెట్టుకో. ముహూర్తాలు ఉండే టయానికి టైపింగు సిస్టమ్ విప్పినావంటే పత్రికల వాళ్ళు నిన్ను నిలబడనీరు. క్లోన్ చేసే ముందు పేజ్‌మేకర్ ఫైళ్ళు, ఫాంట్స్ ఫోల్డర్ రెండూ వేరే డిస్క్‌లోకి కాపీ తీసుకో, ఫాంట్లు లేకుండా ఫైలు ఒక్కటే ఉంటే ఏమీ లాభం లేదు. కాపీ అయినాక రెండు మూడు పత్రికలు అక్కడ నుంచే తెరిచి చూడు.

కొర్లగుంట_జిరాక్స్:

సరే అన్నా, ముందు నెట్ సిస్టమ్‌కు ఎస్‌ఎస్‌డీ వేసి మింట్ లైవ్‌లో చూస్తాను, టైపింగు సిస్టమ్‌ను మూఢం వచ్చేదాకా కదిలించను. మింట్‌కు 8 జీబీ పెన్‌డ్రైవ్ చాలా? దాంట్లో కొన్ని కస్టమర్ ఫైళ్ళు ఉండాయి.

అలిపిరి_లినక్స్:

8 జీబీ చాలు, ఫైలు 3 జీబీ దరిదాపుల్లో ఉంటుంది. మింట్ సొంత సైటు నుంచే దించుకోండి, విండోస్‌లో రూఫస్ అనే సాఫ్ట్‌వేర్‌తో పెన్‌డ్రైవ్‌లోకి రాయండి. రాసేటప్పుడు పెన్‌డ్రైవ్ మొత్తం చెరిపేస్తుంది కాబట్టి ఆ ఫైళ్ళు ముందే తీసి పక్కన పెట్టుకోండి. బూట్ అయ్యేటప్పుడు మీ బోర్డును బట్టి ఎఫ్12 గానీ ఎఫ్11 గానీ ఎఫ్8 గానీ కొడుతూ ఉంటే పెన్‌డ్రైవ్ ఎంచుకునే మెనూ వస్తుంది. ఎక్కడన్నా ఆగితే స్క్రీన్ ఫొటో తీసి ఇక్కడే పెట్టండి, రాత్రి తొమ్మిది తర్వాత చూస్తాను.